ఎనభై దాటితే వణుకు

నేను ఫిజిక్స్ లెక్చరర్‌ని. తిరిగే వస్తువుల గురించి పాఠం చెప్పాలంటే పటమట నుంచి గుణదల దాకా నా తర్వాతే ఎవరైనా అని అప్పట్లో గట్టి నమ్మకం. అలాంటిదాన్ని, తిరగడం తప్ప ఇంకో పని తెలియని నాలుగు చక్రాల చేతిలో పరువు ఎలా పోగొట్టుకున్నానో చెబుతాను. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. కానీ అంతా విన్నాక ఆ చక్రాలు బాగాలేవని మాత్రం ఎవరూ అనకూడదు. అదొక్కటే షరతు.

కొన్నేళ్ల కిందటి మాట. నా తెల్ల కారుకి ఇనుప చక్రాలు, వాటి మీద బూడిద రంగు ప్లాస్టిక్ మూతలు ఉండేవి. ఒక మూత బెంజి సర్కిల్ దగ్గర ఊడి, దొర్లుకుంటూ పోయి, ఆటో కింద పడి ప్రాణం విడిచింది. మిగిలిన మూడు మూతలతో కారు పన్ను ఊడిన పెళ్లికొడుకులా కనిపించేది.

"ఇంకో మూత కొంటే సరిపోతుందిగా" అన్నారు మా ఆయన.

మూతా? నేను ఏకంగా అల్లాయ్ వీల్స్ కొన్నాను. నల్లగా, నిగనిగలాడుతూ, ఒక్కోటి ఐదు రేకుల పువ్వులా ఉన్నాయి. కంపెనీవి కావు, పటమటలో బయటి షాపులోవి.

"బయటివి వేయిస్తే తంటా అమ్మాయ్" అన్నారు మా మామగారు.

ఈయన గురించి కాస్త చెప్పాలి. ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరయ్యారు. బండి మీద ఒక్క గీత పడనివ్వలేదట. ఈ 'ఒక్క గీత' మాట మా ఇంట్లో కాఫీ కన్నా ఎక్కువసార్లు వస్తుంది. నేను కారు బయటికి తీస్తుంటే గేటు దగ్గర నిలబడి, నేనేదో ఓడని రేవుకి చేరుస్తున్నట్టు రెండు చేతులూ ఊపుతారు.

శనివారం ఊళ్లో తిరిగినంతసేపూ చక్రాలు బంగారంలా ఉన్నాయి. ఆదివారం మామగారిని ఎక్కించుకుని మచిలీపట్నం రోడ్డెక్కాను. ముల్లు ఎనభై తాకిందో లేదో, స్టీరింగ్ చలిజ్వరం వచ్చినట్టు వణికింది. డెబ్బైకి తగ్గిస్తే బుద్ధిగా ఉంది. మళ్లీ ఎనభై, మళ్లీ జ్వరం.

"స్టీరింగ్‌ని అట్లకాడలా పట్టుకుంటే వణక్క ఏం చేస్తుంది?" అన్నారు మామగారు.

"నా చేతులు వణకట్లేదండీ. కారు వణుకుతోంది."

"వణికే చేతులకి ఆ సంగతి తెలీదులే అమ్మాయ్."

అంతే, నాకు పంతం వచ్చింది. ఆడలేక మద్దెల ఓడందట ఒకావిడ. నేను మద్దెలతో ఆగలేదు. మొదట రోడ్డు ఓడన్నాను. తర్వాత టైర్లలో గాలి ఓడన్నాను. చివరికి ఎండకి తారు ఉబ్బిందని కూడా అన్నాను. చక్రాలని మాత్రం ఒక్క మాట అననివ్వలేదు. నేను కొన్న కుందేలుకి మూడే కాళ్లు, అవి కూడా అల్లాయ్‌వి!

వీల్ బ్యాలెన్సింగ్‌కి మూడు షాపులు తిరిగాను. మూడు చోట్లా చక్రాన్ని విప్పి, మెషీన్ మీద గిర్రున తిప్పి, "సున్నా వచ్చింది మేడమ్, పర్ఫెక్టు" అన్నారు. పిల్లలకి సున్నాలు వేయడమే గానీ, సున్నా వచ్చిందని సంబరపడటం నా జీవితంలో అదే మొదలు. తీరా రోడ్డెక్కితే ఎనభైలో అదే వణుకు.

మూడో వారం ఇంట్లో తీర్పు చెప్పేశారు.

"పాత చక్రాలు వేయించేద్దాం" అన్నారు మా ఆయన.

"చక్రాలు కాదురా, తేడా చేతుల్లో ఉంది" అన్నారు మామగారు. "తాళాలు నాకివ్వమను. మనిషిని పెట్టుకుందాం, కాలేజీలో దింపి తీసుకొస్తాడు."

ఆ మాటతో ఒళ్లు మండింది. ఆ కారు నా జీతంతో కొన్నది. ఉయ్యూరులో కాలేజీకి రోజూ నేనే నడుపుకుంటూ వెళ్లే ఆ ముప్పావుగంట నా సొంతం. అందులో పాటలు నావి, ఏసీ నాది, తిట్టుకోవడానికి లారీలు నావి. వెనక సీట్లో బస్తాలా కూర్చుని వెళ్లడానికా నేను కారు నేర్చుకుంది?

"రేపు పామర్రులో గృహప్రవేశానికి వెళ్తున్నాం కదండీ. మీరే నడపండి" అన్నాను. "ఎనభై దాకా పోనివ్వండి. మీ చేతుల్లో వణక్కపోతే తాళాలు మీవి. వణికితే మాత్రం ఈ ఇంట్లో నా డ్రైవింగ్ మాట ఎత్తకూడదు."

"ఒక్క గీత..." అంటూ మొదలుపెట్టారు.

"పడనివ్వలేదు. తెలుసండీ."

మర్నాడు ఆయన సీట్లో కూర్చుని, మూడు అద్దాలూ సర్ది, దణ్ణం పెట్టుకుని బయల్దేరారు. మా ఆయనకి సెలవు దొరకలేదు కాబట్టి కార్లో మేమిద్దరమే. కంకిపాడు దాటాక ముల్లు ఎనభైకి చేరింది. స్టీరింగ్ ఊగింది. ఆయన కళ్లజోడు ముక్కు చివరికి జారింది. పైపళ్ల సెట్టు టైపు మిషన్‌లా టకటకలాడింది.

"ఏంటి మామయ్యగారూ, చేతులు వణుకుతున్నాయా?" అన్నాను, ఎంతో వినయంగా.

ఉయ్యూరు దాకా కళ్లజోడు పైకి తోసుకుంటూనే ఉన్నారు. ఊరు దాటాక అన్నారు. "తప్పు నీ డ్రైవింగ్‌ది కాదమ్మాయ్."

"ఏసీ చప్పుడుకి వినపడలేదండీ. ఇంకోసారి అనండి."

పాపం, అన్నారు. అని ఊరుకోలేదు. పామర్రు సెంటర్‌కి ముందే, ఒకప్పుడు ఆయన బస్సు బాగుచేసిన మెకానిక్ నాంచారయ్య గారి షెడ్డు ముందు కారాపారు. లోపల ఇద్దరు ట్రాక్టర్ వాళ్లు టీ తాగుతున్నారు.

నాంచారయ్య గారు రెండే ప్రశ్నలు అడిగారు.

"మెషీన్ మీద చక్రం బాగుందామ్మా?"

"మూడు షాపుల్లోనూ సున్నా అండీ."

"బండికి పెడితే ఊగుతోందా?"

"ఎనభైలో."

"అయితే తేడా చక్రంలో లేదు, బండిలోనూ లేదు. రెండూ కలిసే చోట ఉంది."

క్లాసులో నేను చెప్పాల్సిన మాట అది! ఆయన ముందు చక్రం విప్పి, మధ్యలో ఉన్న కన్నాన్ని చూపించారు.

"బయటి చక్రాలు అన్ని బళ్లకీ పట్టాలని ఈ కన్నం పెద్దదిగా చేస్తారమ్మా. చక్రం కూర్చునే బండి హబ్బు సన్నగా ఉంటుంది. మధ్యలో సందు పూడ్చడానికి ఒక రింగు వేయాలి, బిందె కింద కుదురులాగా. ఇక్కడ అది లేదు. దాంతో చక్రం వెంట్రుకవాసి పక్కకి కూర్చుంది. మెల్లగా పోతే తెలీదు, జోరు మీద ఊపేస్తుంది."

మిగతా మూడూ విప్పి చూశారు. ఒక్కదానికీ రింగు లేదు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మూడు వారాల అవమానం! తాళాలు పోయేంత పని! చక్రాలు బిగించిన పటమట షాపతను కిరణ్‌కి అక్కడికక్కడే ఫోన్ చేశాను. అందరూ వినాలని స్పీకర్ పెట్టి మరీ చేశాను.

"నమస్తే మేడమ్! వీల్స్ ఎలా ఉన్నాయండీ?"

"ఆ సంగతి తర్వాత. రింగులేవీ?"

"రింగులాండీ?"

"నాలుగు రింగులు! ఎవరు మింగారు? నీళ్లు నమలకుండా చెప్పు. ఇక్కడ మా మామగారున్నారు, మెకానిక్ గారున్నారు, అందరూ వింటున్నారు."

"అందరూ వింటున్నారాండీ? అయితే సాయంత్రం నేనే చేస్తానండీ మేడమ్."

"కుదరదు. ఇప్పుడే చెప్పాలి!"

అతను గొంతు సవరించుకున్నాడు. "మరేం లేదండీ. ఆరోజు నేను రింగు పెడుతుంటే మీరొచ్చారండీ. 'ఇంత మంచి చక్రాలకి ఈ ప్లాస్టిక్ గాజులేంటయ్యా, తీసెయ్' అన్నారండీ. ఉండాలి మేడమ్ అన్నానండీ. 'నేను ఫిజిక్స్ లెక్చరర్‌ని, నాకు చెప్తావా?' అన్నారండీ."

ట్రాక్టర్ వాళ్లలో ఒకాయనకి టీ కొరబోయింది.

ఈ సంగతి మాకు ముందే ఎందుకు చెప్పలేదంటారా? నాకే గుర్తులేదు, మీకెలా చెప్తాను?

"పారేయలేదండీ" అన్నాడు కిరణ్, నన్ను ఓదారుస్తున్నట్టు. "మీ డిక్కీలోనే, స్టెప్నీ పక్కన కవర్లో పెట్టానండీ."

మామగారు వెళ్లి డిక్కీ తెరిచారు. కవరు ఉంది. అందులో నాలుగు రింగులున్నాయి. బ్యాలెన్సింగ్ షాపులన్నింటికీ అవి నాతోపాటే షికారుకొచ్చాయన్నమాట.

నాంచారయ్య గారు రింగులు వేసి చక్రాలు బిగించారు. గృహప్రవేశం పందిరి దగ్గర ఆగకుండా మచిలీపట్నం వైపు కాస్త దూరం నేనే పోనిచ్చాను. ఎనభై, ఎనభై ఐదు. గ్లాసులో నీళ్లు పెడితే తొణకవు. పక్కన మామగారు నా డ్రైవింగ్ మీద ఒక్క మాట అనలేదు. పెద్దమనిషి, మాట మీద నిలబడ్డారు.

అయితే డ్రైవింగ్ మాట ఎత్తొద్దన్నానే గానీ, ఫిజిక్స్ మాట ఎత్తొద్దని నేను అనలేదు. గృహప్రవేశం బంతిలో కూర్చున్న ప్రతి ఒక్కరికీ పప్పు వడ్డించేలోపే కథంతా చెప్పేశారు. నెయ్యి వేసేవాడు కూడా నా దగ్గరికొచ్చి ఆగి, "వేయమంటారా, తీసెయ్యమంటారా మేడమ్?" అన్నాడు.

ఆ విస్తరి ముందే, కుడిచేత్తో అన్నం ముద్ద పట్టుకుని, భీకరంగా ప్రతిజ్ఞ చేశాను. తెలియని విషయంలో తలదూర్చనని కాదు. అలాగైతే ఉద్యోగం మానుకోవాలి. ప్లాస్టిక్‌ని చులకన చేయనని కూడా కాదు, ఇప్పటికీ చేస్తాను. ఎవరినైనా ఫోన్లో కడిగి ఆరేయాల్సి వస్తే, ఈ ఒంట్లో ఊపిరి ఉండగా ఇక స్పీకర్ పెట్టను.