చొక్కా జేబులో రోటర్

ఆ కార్ల రిపేరు షెడ్డు పెద్దాయనకు నలభై ఏళ్ళుగా ఒక అలవాటు. సాయంత్రం షెడ్డు మూసే ముందు ప్రతి పాత కారు బానెట్టూ ఎత్తి, డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపలి రోటర్‌ను లాగి చొక్కా జేబులో వేసుకునేవాడు. బొటనవేలంత ముక్క అది. కాయిల్ నుంచి వచ్చిన కరెంటును గిర్రున తిరుగుతూ ఒక్కో ప్లగ్గుకూ పంచుతుంది. అది లేకపోతే దొంగే కాదు, వాడి తాత దిగివచ్చినా బండి కదలదు. వయసులో ఉండగా ఒక కారు పోగొట్టుకుని తిన్న తిట్లు నేర్పిన చదువు ఇది.

కూతురు పని నేర్చుకుని షెడ్డులో చేరాక నవ్వింది. "ఈ డొక్కు బళ్ళను ఎవడెత్తుకుపోతాడు నాన్నా? పొద్దున తిరిగి పెట్టడం నువ్వు మర్చిపోతే మాట నాకొస్తుంది."

"సరేలే, మానేశా" అన్నాడు. మానేశాననే అనుకున్నాడు కూడా. ఆ సంగతి చేతులకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ వారం ఆస్పత్రి పెద్ద నర్సు తన పాత కారు తెచ్చి, పెద్దాయన్ను దాటుకుని వెళ్ళి కూతురితోనే మాట్లాడింది. "దీన్ని బాగుచేసి చూపించమ్మాయ్. మా మూడు వ్యాన్ల పనీ నీకే ఇప్పిస్తాను." ఆ "నీకే" పెద్దాయనకు ఎక్కడో చురుక్కుమంది. కన్నకూతురి మీద ఏడుపేమిటని తనను తానే తిట్టుకున్నాడు. అయినా ఆ మంట చల్లారలేదు.

కూతురు కొత్త కాయిల్ బిగించి, సాయంత్రం వీధి చివరిదాకా నడిపి చూసింది. బండి పాడుకుంటూ వచ్చింది. మర్నాడు నర్సు చెప్పినదానికంటే అరగంట ముందే దిగింది. తాళం తిప్పితే సెల్ఫ్ తిరుగుతోంది కానీ ఇంజను అందుకోవడం లేదు.

"కాయిల్ సరిగ్గా బిగించి ఉండవు" అన్నాడు పెద్దాయన, బండి ముట్టుకోకుండానే, నర్సుకు వినబడేలా. "చేతకాని పని నెత్తికెత్తుకుంటే ఇంతే!"

కూతురు నర్సును తాళం తిప్పమంది. ప్లగ్గు వైరు ఊడదీసి ఇంజను ఇనుముకు దగ్గరగా పట్టుకుంది. నిప్పురవ్వ లేదు. కాయిల్ నుంచి వచ్చే లావు వైరు పట్టుకుంది. టప్పున నీలం రవ్వ దూకింది. "కాయిల్ బాగానే ఉంది. మధ్యలోనే ఏదో ఉంది" అని మూత తీసింది. లోపల ఖాళీ.

"నిన్న మూత తీసిందెవరు?" అని గద్దించాడు.

"నేనే. కానీ అది లేకుండా నిన్న బండి ఎలా నడిచింది నాన్నా?"

"నాకే పాఠాలు చెబుతున్నావా? వెతుకు!"

ఆ పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని, నూనె మరకల నేలంతా తడిమింది. నర్సు గడియారం చూసుకుంది. పెద్దాయనకు దగ్గు తెర వచ్చింది. దగ్గు బిళ్ళ కోసం జేబులో చెయ్యి పెడితే, విరిగిన బిళ్ళల మధ్య రోటర్ తగిలింది.

అప్పుడు చెప్పేస్తే పోయేది. చెప్పలేదు. బల్ల కిందికి వంగి, గుప్పిట విప్పి, "ఇదిగో, ఇక్కడ పడేసుకుని ఊరంతా వెతుకుతున్నావు!" అన్నాడు. అరవై ఏళ్ళు దాటిన మనిషి ఆడాల్సిన అబద్ధమా అది!

కూతురు దాన్ని అందుకుని ఒక్క క్షణం చూసి, గుడ్డతో అదేపనిగా తుడిచి బిగించింది. ఇంజను వెంటనే అందుకుంది.

"నా పొరపాటేనండీ" అంది నర్సుతో.

"వ్యాన్ల సంగతి తరవాత చూద్దాంలే" అంది నర్సు, ముభావంగా.

కారు గేటు దాటుతుంటే పెద్దాయన కాళ్ళు ఆగలేదు. పరుగున వెళ్ళి అడ్డం నిలబడ్డాడు. ఇంజను మోతలో మాట వినబడక నర్సు బండి ఆపేసింది. ఆ నిశ్శబ్దంలో చెప్పడం ఇంకా కష్టమైంది. "ఆ ముక్క నా జేబులో ఉందమ్మా. మా అమ్మాయి తప్పేమీ లేదు" అన్నాడు, తల దించుకుని.

నర్సు ఆయన్ను ఎగాదిగా చూసింది. "వ్యాన్లు సోమవారం పంపిస్తాను. కానీ ఈ మాట మీరు చెప్పాల్సింది నాకు కాదు."

వెనక్కి వచ్చేసరికి కూతురు కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటోంది. ఎన్నో ఇంజన్లు విప్పిన మనిషికి నోరు విప్పడం చాతకాలేదు. చివరికి ఎలాగో అన్నాడు. "రోటర్ నా దగ్గరే ఉందమ్మా. బల్ల కింద దొరికిందని అబద్ధమాడాను."

"తెలుసు నాన్నా. దాని నిండా నీ దగ్గు బిళ్ళల పొడే."

"తెలిసీ నీ మీద ఎందుకు వేసుకున్నావే?"

ఆ పిల్ల కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుంది.

"పరాయి మనిషి ముందు నిన్నెలా అంటాను?"

ఆ పరాయి మనిషి ముందే తను కూతుర్ని అన్న మాటలన్నీ పెద్దాయనకు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. తల ఎత్తలేకపోయాడు.