రైతు వేదిక తెరకు రంగు ఎంచిన ఫైలు

పోయిన నెల మన పింఛనుదార్ల పత్రికలో కామారెడ్డి డివిజన్‌కు కంప్యూటర్ వచ్చిన వైనం గురించి రెండు పేజీల వ్యాసం వేశారు. రిబ్బన్ కత్తిరించిన వారి పేరుంది. కుర్చీలు వేయించిన వారి పేరుంది. టీ పంపిన హోటలు పేరు కూడా ఉంది. ఆ తెర మీది రంగులను పన్నెండు రోజులు కూర్చుని పోల్చి చూసిన మనిషి పేరు మాత్రం లేదు. ఆ మనిషిని నేనే. సంపాదకులకు మూడు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి ‘అందింది’ అని కార్డు వచ్చింది. మూడోదానికి ‘మీరే రాసి పంపండి, స్థలం ఉంటే చూస్తాం’ అన్నారు. స్థలం సంగతి వారు చూసుకోవాలి. నేను రాస్తున్నాను.

1998 వానకాలంలో నన్ను ఎల్లారెడ్డి సబ్ డివిజన్ నుంచి కామారెడ్డి డివిజన్ ఆఫీసుకు బదిలీ చేశారు. హోదా డ్రాఫ్ట్స్‌మన్, రెండో గ్రేడు. శాఖ పేరు రాయను, తెలిసిన వాళ్లకు తెలుసు. డ్రాఫ్ట్స్‌మన్ అంటే నక్షలు గీసేవాడు. నక్షలో నీళ్లకు నీలం వేస్తాం, తరికి, అంటే నీటి పారకం ఉన్న భూమికి, పచ్చ వేస్తాం. ఖుష్కికి, అంటే మెట్ట భూమికి, లేత మట్టిరంగు. ఇరవై ఏళ్లు అదే పని. కుంచె కడిగిన నీళ్లు చూసి ఏ రంగు ఎంత కలిపారో చెప్పేవాడిని. మొదటి గ్రేడుకు నా వంతు ఆ ఏడాదే రావలసి ఉంది. సీనియారిటీ జాబితాలో నా పైన ఎవరూ లేరు.

నేను చేరిన వారానికే సూపరింటెండెంట్ నర్సింలు పిలిచి, ‘రంగులు తెలిసినోనివి గదా, గీ పని నువ్వే చెయ్యి’ అని ఒక ఫ్లాపీ చేతిలో పెట్టాడు. సూపరింటెండెంట్ అంటే గుమాస్తాలందరి మీద పెద్ద. ఏ కాగితమైనా అధికారి దగ్గరికి అతని చేతి మీదుగానే పోవాలి.

పని ఇది. ఇంటర్నెట్‌లో ‘రైతు వేదిక’ అని ఒకటి పెడుతున్నారు. రైతు ఆఫీసుకు వచ్చి తన పంట బాధ చెబితే మేము దాన్ని టైపు చేసి వేదికలో పెట్టాలి. పొలం సలహాలు ఇచ్చే అధికారి ఎల్లారెడ్డిలో కూర్చుని దానికి జవాబు పెట్టాలి. తెలుగు అక్షరాలు వచ్చేవి కావు కనుక తెలుగు మాటలనే ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేవాళ్లం. ఈ వేదికను ప్రపంచంలో ఎవరైనా చూడవచ్చని హైదరాబాదు కంపెనీవాళ్లు చెప్పారు. ఎవరైనా అంటే కామారెడ్డిలో నేను, ఎల్లారెడ్డిలో ఆపరేటర్ ఖాజా. మా డివిజన్‌లో మూడో కంప్యూటర్ లేదు.

కంపెనీవాళ్లు నాలుగు నమూనాలు పంపారు. వాటిని థీములు అన్నారు. ఒకే మనిషికి నాలుగు అంగీలు తొడిగినట్టు, ఒకే వేదికకు నాలుగు రంగుల వరసలు. వాటిలో ఒకటి ఎంచాలి.

నేను పద్ధతి ప్రకారం చేశాను. ఒక్కో నమూనాను పొద్దున పదకొండింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి చూశాను. కిటికీ తెరిచి చూశాను, మూసి చూశాను. అటెండర్ సాయిలును ఆరడుగుల దూరంలో నిలబెట్టి చదివించాను. నేల రంగు, అక్షరం రంగు, చదివేసిన ప్రశ్న రంగు, కంటికి శ్రమ అని నాలుగు గడులు గీసి తులనాత్మక పట్టిక తయారు చేశాను. ఒకటోది ముదురు నీలం నేల, తెల్ల అక్షరాలు. చదవడానికి బాగుంది కానీ, ఒకసారి చదివేసిన ప్రశ్న ఊదారంగుకు మారి నీలంలో కలిసిపోయేది. రెండోది పసుపు నేల, తెల్ల అక్షరాలు. ఎండ పడితే కొత్త రేకును చూసినట్టే, అక్షరం కనబడదు. మూడోది వరిమడి రంగు నేల, మీగడ రంగు అక్షరాలు. సాయిలు ఆరడుగుల నుంచి తడబడకుండా చదివింది అదొక్కటే. నాలుగోది గులాబి. దాన్ని చూసి సాయిలు, ‘పెండ్లి కార్డు లెక్కున్నది సారూ, కింద బంధుమిత్రుల అభినందనలతో అని రాస్తే అయిపాయె’ అన్నాడు.

ఎన్నికల వాసన తగులుతున్న కాలం. ఏ రంగుకు ఏ జెండా ఉందో కూడా చూసుకొమ్మని నర్సింలు చెప్పాడు. చూశాను. అన్నింటికీ ఉంది. గులాబికి ఒక్కదానికే అప్పటికింకా లేదు.

నోట్ ఫైలులో నా అభిప్రాయం రాశాను. నోట్ ఫైలు అంటే కింది నుంచి పైకి ప్రతివాడూ తన మాట రాసి సంతకం పెట్టి పంపే కాగితాల కట్ట. నేను రాసిన వాక్యం ఇది: ‘పై కారణాలచేత పచ్చ రంగు నమూనా అనువైనదని సవినయంగా మనవి.’ నక్షల్లో పచ్చ అంటే ఒకటే. ఆ మాటకు ఇరవై ఏళ్లలో నన్ను ఎవరూ అర్థం అడగలేదు.

ఎల్లారెడ్డి అభిప్రాయం కూడా కావాలని మా అధికారి రాశారు. ఫ్లాపీ తపాలా సంచిలో పోయింది. నాలుగో రోజు ఖాజా రాసిన జవాబు వచ్చింది: ‘నాలుగు నమూనాలు పరిశీలించనైనది. నాలుగూ పచ్చగానే ఉన్నవి. ఏదైనా సమ్మతమే.’

నేను ఎల్లారెడ్డిలో పనిచేసి వచ్చినవాణ్ని. అక్కడి మానిటర్ నాకు తెలుసు. ఎప్పుడో పాతకాలంలో వచ్చిన ఒంటిరంగు డబ్బా. ఏది పెట్టినా పసుపు చాయలోనే చూపిస్తుంది. వెంటనే ఫోన్ చేశాను.

‘ఖాజా భాయ్, నాలుగు రంగులు పంపిన. నీకు నాలుగు పచ్చగెట్ల కనబడ్డయి?’

‘గా డబ్బల ఏదైనా పచ్చగనే కనబడ్తది అన్నా. పేకాట ఆడుతుంటే ఆటీను ముక్కలు గూడ పచ్చగనే ఉంటయి. ఉన్నది ఉన్నట్టు రాసిన, తప్పా?’

తప్పని నేను అనలేదు. ఆ మానిటర్ సంగతి వివరంగా ఒక పేజీ రాసి ఫైలులో పెట్టాను. నర్సింలు ఆ పేజీ విప్పి నాకే తిరిగిచ్చాడు. ‘ఫైలుకు బరువెందుకయా, ఇద్దరు పచ్చ అన్నరు, ఇగ పంచాతేమున్నది’ అన్నాడు. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది.

మా అధికారి గోదావరి జిల్లా నుంచి వచ్చినవారు. నెమ్మదస్తులు, ఎవరితోనూ రెండు మాటలకు మించి మాట్లాడేవారు కాదు. వారి ఉత్తర్వు ఒకటే వాక్యం: ‘రెండు కార్యాలయములును పచ్చను కోరియున్నందున పచ్చ ఖరారు చేయడమైనది.’ నేను కంపెనీవాళ్లకు మూడో నమూనా అమర్చమని రాశాను. అమర్చారు.

ప్రారంభం రోజు జిల్లా నుంచి పై అధికారి వచ్చారు. పొద్దున ఎల్లారెడ్డి చూసి, భోజనం వేళ దాటాక కామారెడ్డికి వచ్చారు. నా వెనుక నిలబడి తెర చూసి ముఖం చిట్లించారు.

‘ఇదేంది, పొద్దుగాల ఎల్లారెడ్డిల పచ్చగ కళకళలాడుతుండె. ఇక్కడ ఆకు రంగున్నది? రెండు వేదికలు పెట్టిండ్రా?’

ఒకటే అని మా అధికారి చెప్పారు. ఏ రంగుకు ఆర్డర్ ఇచ్చావని ఆయన అడిగితే, పచ్చకు అన్నారు. ‘మరి ఇది పచ్చనా?’ అని ఆయన మళ్లీ అడిగారు. మా అధికారి తెర వైపు చూశారు, పై అధికారి వైపు చూశారు, చివరికి నా వైపు చూసి, ‘డ్రాఫ్ట్స్‌మన్‌కు తెలుసు సార్’ అన్నారు.

‘పచ్చే సార్’ అన్నాను.

‘అయితే ఎల్లారెడ్డిలున్నదేంది?’

‘అది కూడా ఇదే సార్.’

రెండు జవాబులూ అక్షరాలా నిజం. మూడో రోజున మెమో వచ్చింది. మెమో అంటే తప్పు చేశావు, సంజాయిషీ చెప్పుకో అనే కాగితం. ఖరారైన పచ్చకు బదులు ఆకురంగు అమర్చినందుకు ఒకటి, పై అధికారి ముందు రెండూ ఒకటేనని బుకాయించినందుకు మరొకటి, వెరసి రెండు అభియోగాలు.

నేను మెమో తీసుకుని నర్సింలు బల్ల దగ్గరికి పోయాను. అధికారి ఆ ఉత్తర్వు రాసింది ఏ ఇంకుతో అని అడిగాను. పచ్చ ఇంకుతో అన్నాడు. గెజిటెడ్ అధికారులు ఆ ఇంకుతోనే సంతకం చేస్తారు. అటెండర్ నుంచి పైదాకా దాన్ని అందరూ పచ్చ ఇంకు అనే అంటారు. ‘మరి పచ్చ ఇంకుతో పచ్చ అని రాస్తే అది ఏ రంగయితది?’ అన్నాను.

నర్సింలు కుర్చీలో వెనక్కి వాలాడు. ‘అయితే నేనొకటి అడుగుత చెప్పు. మనిషికి పచ్చకామెర్లయితే కండ్లు ఏ రంగయితయి? ఆకు రంగయితయా?’

పక్క బల్లల వాళ్లు పనులు ఆపి నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది. ఆ రోజు నుంచి వాళ్లు నన్ను ‘కామెర్ల సారు’ అన్నారు. కామారెడ్డిలో ఉంటూ కామెర్ల సారు, ఎల్లారెడ్డిలో ఉంటే యెల్లో సారు అని దానికి ఇంకో తోక కూడా తగిలించారు.

నా సంజాయిషీ ఆరు పేజీలు వచ్చింది. దానిమీద నర్సింలు, ‘సదరు ఉద్యోగి రంగులు గుర్తించగలడా లేదా వైద్య పరీక్ష చేయించవలెను’ అని నోటు పెట్టాడు. ఇరవై ఏళ్లు రంగులతో బతికినవాణ్ని కామారెడ్డి ఆసుపత్రి బల్ల మీద కూర్చోబెట్టారు. డాక్టరు చుక్కల బొమ్మలు తిప్పుతూ పోయాడు, నేను చుక్కల్లో దాగిన అంకెలన్నీ చదివాను. రెండింట్లో అచ్చు చెదిరిందని కూడా చెప్పాను. మెమో చదివి ఆయన నా కింది రెప్ప లాగి చూసి, ‘కామెర్లు గూడ లేవు, మరెందుకు పంపిండ్రు?’ అన్నాడు. సర్వ వర్ణములను గుర్తించగలడని సర్టిఫికెట్ రాసిచ్చాడు.

దాన్ని నర్సింలు ముందు పెట్టాను. చదివి తల ఊపాడు.

‘కండ్లు మంచిగున్నయని తెచ్చుకున్నవు. ఇగ కనబడకనే చేసిన అనడానికి లేదు. కావాలనే చేసినట్టయితది.’

ఈలోగా రెండో నమూనా, పసుపుది, అమర్చమని కంపెనీకి ఉత్తరం పోయింది. అమర్చారు. కామారెడ్డిలో ఒక్క అక్షరం కూడా కనబడలేదు. ఎల్లారెడ్డి నుంచి ఖాజా ఫోన్ చేసి, ‘మార్చిండ్రా అన్నా? నాకు జరంత మసకయింది తప్ప మునుపటి లెక్కనే ఉన్నది’ అన్నాడు.

అప్పుడే గాంధారి దగ్గరి తండా నుంచి రూప్లా అనే రైతు ఆటో దిగి వచ్చాడు. వేదికకు నా చేతుల మీదుగా పోయిన మొదటి ప్రశ్న అతనిదే. ‘వరి పచ్చబడ్డది, ఏం చెయ్యాలె?’ అని అతను చెప్పింది చెప్పినట్టు కొట్టాను. మర్నాడు జవాబు వచ్చింది. తెర మీద చదవడం నా వల్ల కాలేదు, కాగితం మీద అచ్చు తీసి అప్పుడు చదివాను. ఎల్లారెడ్డి సలహా అధికారి రాసిన జవాబు: ‘పంట పచ్చగా ఉండుట మిక్కిలి సంతోషకరం. ఇదే విధముగా కొనసాగించగలరు.’

ఇది తప్పు జవాబని ఫోన్ చేసి చెప్పబోయేలోపే కాగితం చేతులు మారింది. జవాబు కోసం రూప్లా పంపిన అతని తమ్ముడు దాన్ని నా బల్ల మీంచి తీసుకుని ఆటో ఎక్కాడు. వారం తర్వాత రూప్లా స్వయంగా వచ్చాడు. తువ్వాలలో ముడి వేసిన వరి ఆకులు నా బల్ల మీద కుమ్మరించాడు.

‘పచ్చబడ్డదని మొత్తుకుంటే సంతోషమని రాసిస్తరా సారూ? మీ ఇంట్ల ఎవలకన్న కామెర్లయితే పండుగ చేస్తరా?’

అతని మాటకు నాకు కోపం రాలేదు. పచ్చ అనే మాటకు రెండు రంగులున్నాయని చూపించి ఆ ఆఫీసులో నా పక్షాన ఎవరైనా మాట్లాడటం అదే మొదటిసారి. సలహా అధికారికి ఫోన్ చేసి, ఈసారి పసుపు అన్నాను. ఆయన వెంటనే మందు పేరు చెప్పారు. రూప్లాకు రెండు మడులు పోయాయి, మిగతావి నిలిచాయి.

అతను తెచ్చిన ఆకుల్లోంచి రెండు ఏరి తెల్ల కాగితం మీద అతికించాను. ఒకటి నిగనిగలాడుతున్నది, ఒకటి రోగం తగిలినది. కింద ‘అనుబంధం ఒకటి: పచ్చ ఆకు. అనుబంధం రెండు: పచ్చ ఆకు’ అని రాసి, ఒకే మాటకు రెండు రంగులున్నాయనడానికి ఇంతకంటే రుజువు ఉండదని, నా మీది అభియోగాలు ఎత్తివేయాలని కోరుతూ ఫైలులో పెట్టాను. ఫైలు జిల్లాకు పోయి నెలన్నర తర్వాత తిరిగి వచ్చింది. దాని మీద ఇలా రాసి ఉంది: ‘అనుబంధములు రెండును పరిశీలించనైనది. రెండింటి రంగులో తేడా లేదు.’ తీసి చూశాను. రెండు ఆకులూ ఎండి గడ్డి రంగుకు వచ్చి ఉన్నాయి.

నా సర్వీసు రిజిస్టరులో ‘రంగుల విషయమున అవగాహన చాలదు’ అని రాశారు. మొదటి గ్రేడు జాబితాలో నా పేరు దాటి కింది పేరు తీసుకున్నారు. ఆ వాక్యం కొట్టేయాలని పదకొండు అర్జీలు పెట్టాను. ఆర్డర్ రాసిన అధికారి తన ఉద్దేశం ఏమిటో చెబితే తప్ప తిరగదోడలేమని ఒకే ఒక్కసారి జవాబిచ్చారు. ఆ అధికారి అప్పటికే బదిలీ మీద వెళ్లిపోయారు. వారికి రాసిన ఉత్తరాలకు బదులు రాలేదు. రెండో గ్రేడులోనే రిటైరయ్యాను. వేదిక నా కన్నా ముందే మూతబడింది.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఒకటుంది. నక్ష మూలన చిన్న పెట్టె గీసి, ఏ రంగు దేనికో అక్కడ రంగు పూసి చూపిస్తాం. ఆ పెట్టె లేని నక్షను ఏ డ్రాఫ్ట్స్‌మనూ బయటికి పంపడు. రంగు గురించిన ఏ ఉత్తర్వుకైనా అలాంటి పెట్టె ఉండాలి. నా నోటుకు నేను పెట్టలేదు. ఆ ఒక్కటీ నా తప్పని ఒప్పుకుంటాను, మిగతావి ఒప్పుకోను.

ఆ అధికారి కూడా ఈ పత్రికకు చందాదారులేనని సంపాదకుల ద్వారా తెలిసింది. కనుక ఇది వారికే. సార్, ఆ రోజు మీరు ఖరారు చేసిన పచ్చ ఏది? పోస్టుకార్డు చాలు. మాటల్లో రాయవద్దు. రంగు పూసి పంపండి.