ఏం తేలింది?

బస్సులు బందయి నేను కోరుట్లలో మా ఇంట్లో, నా దోస్తు సిరిసిల్లలో వాళ్ళింట్లో చిక్కుకుపోయాం. తెలంగాణ ఉద్యమం గట్టిగా నడుస్తున్న రోజులవి. ఇద్దరం జగిత్యాల దగ్గర ఒకే కాలేజీలో ఎం.టెక్. చదివేవాళ్ళం. కలిసి ఒక పరిశోధనా పత్రం రాశాం. ప్రోగ్రాంలో ఏదైనా మార్చినప్పుడు ఏ పరీక్షలు ముందు నడిపితే తప్పులు తొందరగా బయటపడతాయన్నది మా విషయం. పత్రమంతా కుదిరింది కానీ, మొదట్లో ఉండాల్సిన చిన్న సారాంశమే కుదరలేదు. “ఏం చేశారో రాశారు, ఏం వచ్చిందో రాయలేదు” అని సార్ వెనక్కి పంపారు. మర్నాటి సాయంత్రంలోగా సరిచేసి పంపకపోతే సదస్సుకు మా పత్రం పోనట్టే.

నిజానికి ఏం వచ్చిందో చెప్పడానికి నాకు సిగ్గు. మా పద్ధతి చిన్న ప్రోగ్రాముల్లో బాగా పనిచేసింది, పెద్దవాటిలో ఏ తేడా చూపలేదు. అందుకే ‘ఫలితాలను చర్చించాం’ అని రాసి తప్పించుకున్నాను.

ఆ మధ్యాహ్నం నాయిన ఉద్యమం మీటింగు నుంచి వచ్చాడు. ఎవరెవరు వచ్చారో, ఎవరు ఎంతసేపు మాట్లాడారో కాళ్ళు కడుక్కుంటూనే మొదలుపెట్టాడు.

“అన్ని ముచ్చట్లు చర్చించినం.”

“చర్చించిన్రు సరే, ఏం తేలింది?” అంది అమ్మ. “మంగళవారం కొండగట్టు అంజన్న గుడికి బస్సున్నదా, లేదా?”

“లేదు.”

“గా ఒక్క ముక్క ముందుగాల చెప్పరాదు? నువ్వు చెప్పుడు షురూ చేసినంక బియ్యం కడిగిన, అన్నం ఉడికింది, గంజి వంచుడు గూడ అయిపాయె!”

నాకు నవ్వాగలేదు. కానీ నా సారాంశం కూడా అచ్చం నాయిన మాదిరే ఉంది. లోపలికి పోయి ‘చర్చించాం’ కొట్టేసి, తేలింది తేలినట్టు రెండు వాక్యాలు రాశాను. సిరిసిల్లకు ఫోన్ చేసి చదివి వినిపించాను. వాళ్ళన్న దుకాణంలో ఇంటర్నెట్ ఉంది కాబట్టి టైపు చేసి పంపేది తనే.

“పెద్దవాటిల పనిచేయలేదని మనమే చెప్పుడా? ఇంటికి పంపుతరే మనల్ని!”

“ఇంట్లనే ఉన్నం గదా.”

నా నోట అలాంటి మాట వస్తుందని అనుకోలేదేమో, పడీపడీ నవ్వింది. నవ్వుతూనే టైపు చేసింది.

కొన్ని వారాలకు తనే ఫోన్ చేసింది. “అరె, సదస్సోళ్ళ మెయిల్ వచ్చింది! పొద్దుగాలనే వచ్చిందంట, నేను చూడలే. అన్న చూసి పిలిచిండు, గప్పుడు నేను చాయ్ పెడుతున్న, పాలు పొంగిపాయె...”

“ఏం తేలిందే?”

“తీసుకున్నరే!”

వంటింట్లోంచి అమ్మ “ఏందట?” అని కేకేసింది. ఈసారి ఆ ఒక్క ముక్కా నేను ముందుగాలనే చెప్పాను.