ఎరువు గోతిలో కప్పిన కవర్లు

ఈ మాట మోస్తూ ఇన్నేళ్ళు ఎలా బతికావని అడగకండి. బతికాను. తిన్నాను, పిల్లలకు పాఠాలు చెప్పాను, చర్చిలో పాటలు పాడాను, రిటైరయ్యాను. గుండెలో రాయి ఉంటే మనిషికి నిద్ర పట్టదంటారు గానీ అదంతా ఉత్తి మాట. శుభ్రంగా పడుతుంది. పక్కకు ఒత్తిగిలినప్పుడు మాత్రం ఆ రాయి తగులుతుంది.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు అక్కర్లేదు. ముఖం ఎరిగినవాళ్ళకు చెప్పే ధైర్యమే ఉంటే ఎప్పుడో చెప్పేదాన్ని.

అరకు పక్కన డుంబ్రిగుడ దాటి కొండల్లోకి వెళ్తే వచ్చే ఒక చిన్న ఊళ్ళో నేను బడి టీచర్ని. తొంభైలు ముగిసిపోతున్న రోజులవి. మాది కింద మైదానం, మిషను చర్చి కుటుంబం. నోరు కాస్త పెద్దదే నాకు. ఎవరు తప్పు చేసినా నలుగురి ముందూ కడిగేసేదాన్ని. అది నిజాయితీ అనుకునేదాన్ని. నిజాయితీయేనా? ఎదుటివాళ్ళను కడుగుతున్నంతసేపూ మన చేతులు శుభ్రంగానే కనిపిస్తాయి మరి.

ఊళ్ళను శుభ్రంగా ఉంచాలి, చెత్తను ఎరువుగా మార్చాలి అని అప్పట్లో పైనుంచి ఒకటే పోరు. మా ఊరి బాధ్యత నా నెత్తిన పెట్టారు. నిజం చెప్పొద్దూ, నాకు అది కిరీటం పెట్టినట్టే అనిపించింది. బడి వెనక పెద్ద గొయ్యి తవ్వించాను. పేడ, బూడిద, రాలిన ఆకు, చోడి, అంటే రాగుల, ఊక, కాఫీ పళ్ళ తొక్క వరసలు వరసలుగా వేసి, పేడనీళ్ళు చల్లి, పైన మట్టి కప్పాలి. అది కుళ్ళి మాగాక ఊరంతా చోడి మళ్ళకు పంచుకోవాలి.

అసలు ఆ ఊళ్ళో చెత్త అనేదే ఉండేది కాదు. తిన్నది ఆకులో, పారేసింది మట్టిలో. సంతకు ప్లాస్టిక్ కవర్లు వచ్చాకే ఊళ్ళోకి చెత్త వచ్చింది. అందుకే సంత రోజు సాయంత్రం నేను దారికి అడ్డంగా నిలబడేదాన్ని. ఉప్పు కవరుతో వచ్చినా, ఎండుచేపల కవరుతో వచ్చినా ఆపి, గోతిలో ఇది పడిందంటే ఊరుకోనని బెదిరించేదాన్ని. పాపం, ఆడవాళ్ళు నన్ను చూసి కవర్లు కొంగులో దాచుకునేవాళ్ళు. చెప్పేవి శ్రీరంగ నీతులు అంటారే, ఆ మాట నాకోసమే పుట్టి ఉంటుంది.

ఆ శీతాకాలం చివర్లో మా చర్చికి కొత్త కట్టడం పూర్తయింది. ప్రతిష్ఠ పండగకు పట్నం నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు. భోజనాల పెత్తనం నాది. ఆ ఊళ్ళో ఏ పండగైనా, ఏ పెళ్ళయినా, చివరికి మా క్రిస్మసుకైనా విస్తళ్ళు బుద్రే కుట్టాలి. బుద్రి వితంతువు. మా చర్చి మనిషి కాదు, ఊరి దేవతల్నే కొలిచేది. కొండెక్కి అడ్డాకులు కోసుకొచ్చి, వెదురు పుల్లలతో గుండ్రంగా కుట్టి, ఎండలో ఆరబెట్టి, బరువు పెట్టి అణిచేది. అదే ఆమె బతుకుతెరువు.

ఆ పండగకు మాత్రం నేను విశాఖ నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు తెప్పించాను. తెల్లగా తళతళలాడేవి. బుద్రికి ముందు చెప్పలేదు. చెప్పడానికి నాకేం అడ్డొచ్చిందో! ఆవిడ మామూలుగానే కట్టలు కట్టలుగా విస్తళ్ళు నెత్తిన పెట్టుకుని పందిరి దగ్గరికి వచ్చింది.

"ఏటి టీచరమ్మా, నా ఆకులు సేదయిపోనాయా?" అంది.

పట్నం నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు, ఆకుల్లో పెడితే ఏమనుకుంటారని నేను నవ్వుతూనే అన్నాను. ఆ నవ్వే ఆవిడకు ఒళ్ళు మండించి ఉంటుంది.

"నా ఆకు గొడ్డు తిన్నా అరుగుతాది. నువ్వు తెచ్చిన కంచాలు తింటే మీ గొడ్లు సత్తాయి, సూసుకో."

పందిరి వేస్తున్నవాళ్ళందరూ విన్నారు. బుద్రి తన కట్టలు తీసుకుని వెళ్ళిపోయింది.

భోజనాలు బ్రహ్మాండంగా జరిగాయి. అందరూ లేచాక చూస్తే ప్లేట్ల గుట్ట. వాటి నిండా అన్నం, పులుసు, మాంసం ముక్కలు. అన్నీ పెద్ద పెద్ద కవర్లలో కుక్కి మూతులు కట్టించాను. మర్నాడు పొద్దున్నే మా ఎరువు గొయ్యి చూడ్డానికి అధికారి వస్తున్నాడు. ఆ మూటలు చర్చి పక్కన పడి ఉంటే నా పరువు ఏం కావాలి? తగలబెడదామంటే అతిథులింకా అక్కడే ఉన్నారు, పొగ. బయట పారేద్దామంటే కుక్కలు ఊరంతా పరుస్తాయి. లోపల వీడ్కోలు పాటలు పాడుతున్నారు. పట్టపగలే, ఆ మూటలు ఒక్కొక్కటే ఈడ్చుకెళ్ళి నా గోతిలో నేనే వేశాను. పైన ఆకు పరిచి, నాలుగు తట్టల మట్టి పోశాను. రెండ్రోజుల్లో తీసేద్దాంలే అనుకున్నాను. అనుకున్నాను గదా, ఆ అనుకోవడమే నన్ను మంచిదాన్ని చేసేసింది.

అధికారి వచ్చి, గట్టు మీద నిలబడి, ఈ ఊరిని చూసి మిగతా ఊళ్ళు నేర్చుకోవాలన్నాడు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. గోతిలోంచి పులుసు వాసన నాకొక్కదానికే వస్తోందనిపించింది.

రెండ్రోజులు పోయాయి, పది రోజులు పోయాయి. తవ్వితే ఎవరైనా చూస్తారని భయం. పంటలు ఇళ్ళకు చేరాక అక్కడ పశువుల్ని కట్టెయ్యరు. చోడి మళ్ళు ఖాళీ అయిపోతాయి కాబట్టి వానలదాకా వాటి ఇష్టం, ఎక్కడ మేసినా అడిగేవాడు ఉండడు. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. ఒక మధ్యాహ్నం బడి కిటికీలోంచి చూస్తే, గాసి ఎడ్లు రెండూ గొయ్యి కెలికేసి ఉప్పూపులుసూ అంటిన కవర్లు నములుతున్నాయి. ఒకదాని నోట్లోంచి సగం వేలాడుతోంది. పరిగెత్తి అదిలించాను. నోట్లోది లాగబోతే మింగేసింది.

గాసి మా చర్చి మనిషే. గంట కొట్టేది అతనే. ఆ సాయంత్రం నా గుమ్మం ముందు నుంచే వెళ్ళాడు. పిలిచి చెప్పొచ్చు. బేగి పశువుల డాక్టర్ని తీసుకురా అని ఒక్క మాట. పిలవలేదు. ఏమీ కాదులే, పశువులు ఏం తిన్నా అరిగించుకుంటాయి అని నాకు నేనే చెప్పుకున్నాను. మర్నాడు గోతిలో మిగిలిన కవర్లు ఏరి కాల్చేశాను. దాంతో నేను చేసింది కూడా కాలిపోయిందనుకున్నాను.

ఎడ్లు మేత మానేశాయి. పొట్టలు ఉబ్బాయి. దున్నే కాలం ఇంకా రాకముందే ఒకటి పోయింది, దాని వెనకే రెండోదీ పోయింది. గాసికి ఉన్న ఆస్తల్లా ఆ జతే. అతను ఆదివారం ప్రార్థనకు వచ్చి, సోమవారం దిసారి దగ్గరికి వెళ్ళేవాడు. దిసారంటే ముహూర్తాలు పెట్టే పెద్ద, రోగానికి మూలం చెబుతాడు. నేను దానికి అతన్ని ఎప్పుడూ వేళాకోళం చేసేదాన్ని. ఎడ్లు పోయాకా వెళ్ళాడు. దిసారి ఎవరి పేరూ చెప్పలేదట. పండగ పందిట్లో బుద్రి అన్న మాట మాత్రం ఎవరో గుర్తుచేశారు. అంతే, చిల్లంగి అన్నారు, చేతబడి. బుద్రి చిల్లంగి పెట్టింది, విస్తళ్ళు కాదన్నారన్న కోపంతో గొడ్లను చంపింది అన్నారు. గాసి కూడా నమ్మి అదే మాట అందరితో అన్నాడు.

చిల్లంగి లేదు, గిల్లంగి లేదు అని బడిలో బల్ల గుద్ది చెప్పినదాన్ని నేను. అందుకే ఊరి మధ్య రాళ్ళ దగ్గర పంచాయితీ పెట్టినప్పుడు నన్ను పిలిచారు. చదువుకున్నదాన్ని కదా. ఊరిపెద్ద సూటిగా అడిగాడు, బుద్రి ఆ మాట అందా అని.

"అంది" అన్నాను.

అబద్ధం కాదు చూడండి. అదే నా తెలివి. ఇన్నేళ్ళూ ఆ ముక్కే పట్టుకుని వేలాడాను, నేను అబద్ధమాడలేదు అని.

బుద్రి నావైపు తిరిగింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. సాయం అడుగుతున్నట్టు చూసింది.

"అన్నాను. ఎందుకన్నానో టీచరమ్మకి ఎరికే" అంది.

అందరూ నా ముఖం చూశారు. ఆమెకు తెలిసిపోయిందా? నేను గోతి దగ్గర ఉండగా చూసిందా? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ క్షణంలో నాకు ఆ భయం తప్ప ఇంకేమీ లేదు. ఆమె బతుకు నా నాలుక మీద ఉందన్న ఆలోచనే రాలేదు. కుక్కిన పేనులా కూర్చున్నాను. తల వంచుకున్నాను. నా మౌనాన్ని వాళ్ళు ఎలా కావాలో అలా అర్థం చేసుకున్నారు.

ఎవరూ ఆమెను కొట్టలేదు. ఈ మాట కూడా నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. కొట్టలేదు సరే. ఊట దగ్గర ఆమె బిందె పెడితే మిగతావాళ్ళు తమ బిందెలు వెనక్కి లాక్కున్నారు. నిప్పు ఇవ్వడం మానేశారు. పిల్లల్ని ఆమె గుమ్మం వైపు వెళ్ళనివ్వలేదు. ఆమె కుట్టిన ఆకులో అన్నం తినడానికి ఎవరికి ధైర్యం? బడులు తెరిచిన రోజుల్లో, ఒక మూటా చంకలో కోడీ పెట్టుకుని, చింతపల్లి వైపు ఉన్న తమ్ముడి ఊరికి వెళ్ళడానికి జీపెక్కింది. బడి వరండాలోంచి చూశాను. పిల్లలు ఎక్కం చెబుతున్నారు. ఇంకా గట్టిగా చెప్పండర్రా అని అరిచాను.

ఆ ఏడు ఎరువు బ్రహ్మాండంగా మాగింది. అందరూ నన్ను పొగుడుతూ తట్టలతో మోసుకెళ్ళారు. గాసి అరువు ఎడ్లతో దున్నుకున్నాడు. అతని మడిలో తెల్లటి ప్లేటు ముక్కలు తేలితే, నేను గట్టు మీద నడుస్తూ ఏరి సంచిలో వేసుకున్నాను. టీచరమ్మకి ఊరి శుభ్రం మీద ఎంత శ్రద్ధో అనుకున్నారు.

కొన్నేళ్ళు గడిచాయి. ఒకసారి అరకు సంత దగ్గర చచ్చిపడిన ఆవును పశువుల డాక్టరు కోసి చూపించాడట. కడుపు నిండా కవర్ల ముద్ద. గాసి అక్కడున్నాడు. తిన్నగా నా దగ్గరికి వచ్చి, మా ఎడ్లకూ ఇదే అయ్యుంటుందా అని అడిగాడు. అయ్యుండొచ్చు అన్నాను. అప్పుడైనా చెప్పొచ్చు కదా? నోరు తెరిచాను కూడా. కానీ అతని ముఖం చూసి, పిల్లలు ఎదురుచూస్తున్నారంటూ బడిలోకి వెళ్ళిపోయాను.

గాసి చింతపల్లి వెళ్ళాడు, బుద్రిని వెతుక్కుంటూ. తీసుకొచ్చి మళ్ళీ ఊళ్ళో పెట్టాలని. ఆమె అంతకు ముందు వానల్లోనే పోయింది. మా ఊరి మాట ఆమెకన్నా ముందే అక్కడికి చేరిందట. తమ్ముడు కూడా ఊరి చివర గుడిసెలోనే ఉంచాడట. జ్వరంతో పడి ఉంటే ఎవరూ ఆ గుడిసెలోకి వెళ్ళలేదట.

తిరిగొచ్చిన గాసి నా వరండాలో మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "నానే సంపేసినాను టీచరమ్మా. నా నోటితోనే సంపేసినాను" అని ఏడ్చాడు.

నేనేం చేశానో తెలుసా? అతని తల మీద చెయ్యి పెట్టాను. కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాను. దేవుడు నిన్ను క్షమిస్తాడు గాసీ అన్నాను. నా పాపానికి అతనితో పశ్చాత్తాపం పడనిచ్చి, పైగా క్షమాపణ కూడా నేనే పంచాను. అతను నా చెయ్యి కళ్ళకద్దుకున్నాడు. ఎడ్ల సంగతి, పంచాయితీ సంగతి ఒక ఎత్తు. ఆ చెయ్యి వెనక్కి తీసుకోకపోవడం ఒక ఎత్తు. సిగ్గు అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

కవర్లు గోతిలో వేసింది నేను. ఎడ్లు వాటిని తినడం చూసింది నేను. బుద్రి ఎందుకలా అందో తెలిసీ నోరు మూసుకున్నదీ నేనే. క్షమించమని మిమ్మల్ని అడగను. మీ చేతిలో లేదది, అడిగే మొహం నాకూ లేదు. కానీ ఈ మాటలు నా చేతిరాతలో కనబడుతుంటే ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అదీ సిగ్గుగానే ఉంది.

గాసి ముసలివాడయ్యాడు. ఇప్పటికీ ఆదివారం చర్చిలో అందరికన్నా వెనక కూర్చుని, బుద్రి పేరు చెప్పి క్షమించమని పైకే వేడుకుంటాడట. అతనికి చదువు రాదు. ఇది అతను చదవలేడు. ఎవరో ఒకరు చెప్పాలి. నేను ఇంకా చెప్పలేదు.