చదవకుండా పక్కన పెట్టిన చీటీ

మా సండే స్కూల్ మాస్టారు పోయారన్న సంగతి నాకు సంఘం వాట్సాప్ గ్రూపులో తెలిసింది. మంగళవారం పొద్దున్న, అప్పుడే షాపు షట్టర్ ఎత్తాను. మా సంఘంలో ఎవరు పోయినా ఆ గ్రూపులో ఒకే మాట రాస్తారు, "ప్రభువునందు నిద్రించారు" అని. తాగి తాగి లివర్ పాడై పోయినవాళ్లకూ అదే రాశారు. పదేళ్లపాటు చర్చి గడప తొక్కనివాళ్లకూ అదే రాశారు. మాస్టారికి మాత్రం "ఈ ఉదయం మరణించారు, భూస్థాపన మూడు గంటలకు" అని రాసి ఊరుకున్నారు.

ఆ తేడా మీకు చిన్నదిగా కనిపించవచ్చు. నాకు మాత్రం ఆ రోజు సూదిలో దారం ఎక్కలేదు.

నేను గోల్ ఘర్‌లో చిన్న షాపు పెట్టి జాకెట్లు కుట్టుకుని బతుకుతున్నాను. రాయడం నా పని కాదు. కానీ ఆయన గురించి ఎవరో ఒకరు నాలుగు మాటలు రాయాలి కదా. ఎవరూ రాయడం లేదు కాబట్టి నేను కూర్చున్నాను. అసలీ తెలుగు అక్షరాలు ఆయన పెట్టిన భిక్షే. నేను ఈ దీవిలోనే పుట్టాను, హిందీ మీడియంలో చదివాను. ఇంట్లో తెలుగు మాట్లాడుకునేవాళ్లం గానీ రాయడం ఎవరికీ రాదు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వెనక గదిలో చాప పరిచి, మా పద్నాలుగు మందినీ కూర్చోబెట్టి, బైబిలు వాక్యాల కింద కొబ్బరి ఈనెపుల్ల జరుపుతూ చదివించేవారు. వేలు పెట్టనిచ్చేవారు కాదు, చెమటకి కాగితం పాడవుతుందని. పుల్ల ఎక్కడ ఆగితే మేమూ అక్కడ ఆగాలి. అర్థం కాకపోతే కాలేదని చెప్పాలి. అర్థమైనట్టు తలూపామో, ఆయనకి ఒళ్లు మండిపోయేది.

"తల ఊపడానికి గంగిరెద్దు చాలు, మీరెందుకు? తెలియనిది తెలియదని చెప్పడం కూడా విశ్వాసమే" అనేవారు.

ఆయన ప్రభుత్వ ఆఫీసులో నక్షాలు గీసే ఉద్యోగం చేసేవారు. భార్య చిన్న వయసులోనే పోయింది. పిల్లలు లేరు. మిడిల్ పాయింట్‌లో అద్దెకి ఒక గది, ఒక కిరోసిన్ స్టవ్, ఆ తర్వాత కాలంలో ఒక గ్యాస్ పొయ్యి, అంతే సంసారం. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్సిళ్లు ఉండేవి. టీలో బిస్కట్టు ముంచేవారు, అది విరిగి గ్లాసులో పడేది, పడిన ప్రతిసారీ అదేదో మొదటిసారి జరిగినట్టు ఆశ్చర్యపోయేవారు. పాట పాడితే శ్రుతి ఒకవైపు, ఆయన ఒకవైపు. ఆయన దేవదూత అని నేను చెప్పడం లేదు. మొండి మనిషి. పట్టిన పట్టు విడవరు. దుఃఖంలో ఉన్నవాళ్లకి మెత్తగా ఒక మాట చెప్పడం ఆయనకి చేతనయ్యేది కాదు. మా నాన్న పోయినప్పుడు అందరూ "దేవుడి చిత్తం" అని ఓదారుస్తుంటే, ఈయన మా అమ్మ దగ్గరకొచ్చి "ఎందుకిలా జరిగిందో నాకు తెలీదమ్మా" అని చెప్పి, గిన్నెలు కడిగి వెళ్లిపోయారు. మా అమ్మకి మిగిలినవాళ్ల మాటలేవీ గుర్తులేవు, ఆ గిన్నెలు మాత్రం చివరిదాకా గుర్తున్నాయి.

ఇక గొడవ సంగతి. మా చర్చిలో బల్ల మీద ఒక పాత బిస్కట్ల డబ్బా ఉంటుంది. మూతకి సన్నటి చీలిక కోసి పెట్టారు. ఎవరికి ఏ కష్టం ఉన్నా చీటీ రాసి అందులో వేస్తారు. కానుకలు పట్టిన తర్వాత వాటిని ఒక్కొక్కటీ చదివి ప్రార్థన చేస్తారు. అప్పట్లో చీటీలు చదివే పని మాస్టారిది. ఎవరి చేతిరాత అయినా చదవగలిగింది ఆయనొక్కరే.

ఒక ఆదివారం ఆరాధనకి ముందు, చేపల రేవు దగ్గర ఉండే ఒకావిడ చర్చి గుమ్మం దగ్గరకొచ్చి నిలబడింది. మెడలో పసుపుతాడు, నుదుట బొట్టు. నేను అప్పుడు అక్కడే పాటల పుస్తకాలు సర్దుతున్నాను.

"మా ఆయన ఏటకెల్లి నెల దాటింది బాబూ. బోటు దొరికింది, మనిసి దొరకనేదు. మీ డబ్బాలో సిట్టీ ఏత్తే మొక్కుతారంట గదా. నాను మీవోల్లని కాదు. ఎయ్యొచ్చా?" అంది.

మాస్టారు జేబులోంచి పెన్సిలు తీసి, ఆవిడ చెప్పినట్టే చీటీ రాశారు. ఆవిడ చేతే డబ్బాలో వేయించారు. ఆ రోజు చీటీలు చదువుతూ దాన్నీ చదివారు. అతని పేరు చెప్పి, "ప్రభువా, సముద్రంలో పోయిన ఈ మనిషిని నీ దయకు అప్పగిస్తున్నాం" అని ప్రార్థించారు. ఆమెన్ అన్నవాళ్లు నలుగురైదుగురు, అదీ అలవాటుకొద్దీ.

మా సంఘంలో చనిపోయినవాళ్ల కోసం ప్రార్థన చేయరు. బతికున్నవాళ్ల కోసమే చేస్తారు. ఊపిరి ఆగాక ఇక మనం చెప్పేదేమీ లేదన్నది మావాళ్ల నమ్మకం, అందులో తప్పు పట్టడానికి నేనెవరిని. పైగా ఇక్కడ చనిపోయినవాడు క్రైస్తవుడు కూడా కాడు. సాయంత్రానికల్లా గోరంత కొండంతయింది. మాస్టారు కేథలిక్కుల బోధ మొదలుపెట్టారన్నారు. నరకం లేదంటున్నారన్నారు. రేవువాళ్లని మెప్పించడానికి దేవుడి మాటని అమ్ముకున్నారని కూడా ఒకరన్నారు. బజార్లో ఒక చేప కూడా ఊరికే తీసుకోని మనిషి గురించి అన్న మాట అది.

శనివారం మధ్యాహ్నం సంఘ పెద్దలు వెనక గదిలో కూర్చున్నారు. మేం చదువుకున్న గదే. పెద్దల్లో ముఖ్యమైన ఆయన చెడ్డవాడేం కాదు, నిజం చెప్పాలంటే మాస్టారికి స్నేహితుడే. ఎలాగైనా దీన్ని సర్దేయాలని ఆయన తాపత్రయం.

"మాస్టారూ, సీదా బాత్. శవం దొరకలేదు కదా. మనిషి బతికే ఉన్నాడనుకుని ప్రార్థించానని చెప్పండి. రాసుకుంటాం. బస్, ఖతమ్" అన్నాడు.

ఇంత సులువైన దారి ఇంకెవరికైనా దొరికితే పరుగెత్తుకుంటూ వెళ్తారు. ఆఫీసుల్లో కూడా అదే లెక్క కదా, శవం లేకపోతే మరణ సర్టిఫికెట్ ఇవ్వరు.

"ఆఫీసులో సర్టిఫికెట్ అడుగుతారు, దేవుడు అడగడు. అతను పోయాడని నాకు తెలుసు. తెలిసే ప్రార్థించాను" అన్నారు మాస్టారు.

"అంటే అతను రక్షణ పొందాడంటారా?"

"నాకు తెలీదు. ఆ తలుపు తాళంచెవి నా జేబులో లేదు. మీ జేబులోనూ లేదు. ఆవిడ అడిగింది, నేను అడిగాను. ఇవ్వడం ఇవ్వకపోవడం ఆయనిష్టం."

ఆయన బోధ అంతా ఇంతే. ఇన్నేళ్లుగా ఊరంతా తిట్టిపోసిన బోధ ఇదే. ఇందులో నరకం లేదన్న మాట ఎక్కడుందో చూపించమని ఎంతమందిని అడిగానో. ఎవరూ చూపించలేదు. నిప్పు లేనిదే పొగ వస్తుందా అంటారు. వస్తుంది. ఊదేవాళ్లుంటే బూడిదలోంచి కూడా వస్తుంది.

ఆ శనివారం సాక్ష్యానికని నన్నూ పిలిచి మొదటి నుంచీ ఆ గదిలోనే కూర్చోబెట్టారు, ముందు వరసలో పాటల గుంపులో కూర్చుంటాను కాబట్టి స్పష్టంగా విని ఉంటానని. ఏం విన్నావమ్మా అని అడిగారు. ఏం చెప్పాలో నేను ముందే అనుకుని వెళ్లాను. "ఆవిడ కోసమే ప్రార్థించారండీ, ఆవిడ భర్త కోసం కాదు" అన్నాను.

మాస్టారు నా వైపు తిరిగారు. కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు.

"అమ్మాయ్, నా కోసం అబద్ధం ఆడకు. నువ్వు విన్నది చెప్పు" అన్నారు మెల్లగా.

విన్నది చెప్పాను. ఒక్క మాట తప్పకుండా చెప్పాను. నేను చెప్పింది కాగితం మీద రాసి నాచేత సంతకం పెట్టించారు. ఆయన నేర్పిన అక్షరాలతోనే పెట్టాను. ఆ మరుసటి ఆదివారం నుంచి ఆయన సండే స్కూల్ చెప్పకూడదని, చీటీలు చదవకూడదని తీర్మానమైంది. నా తప్పేం లేదని నాకు తెలుసు, ఆయనే చెప్పమన్నారు. అయినా ఇన్నేళ్లలో ఆ సంతకం నన్ను ఒక్క ఆదివారం కూడా వదల్లేదు.

వేరే సంఘం పెట్టుకోమని కొందరు ఆయనకి చెప్పారు. తుష్నాబాద్ నుంచి ఒక కుటుంబం వచ్చి "మా ఇంట్లో కూడిక పెట్టుకుందాం రండి" అని పిలిచింది. "ఇంట్లో కోప్పడ్డారని ఇల్లు వదిలేస్తామా" అన్నారాయన. సంఘాన్ని చీల్చాలనుకున్నాడని ఇప్పటికీ అనేవాళ్లు ఈ మాట వినాలి. ప్రతి ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, గుమ్మం పక్కన చివరి బెంచీలో కూర్చునేవారు. ఆ బెంచీ మీద ఇంకెవరూ కూర్చునేవారు కాదు. ఆలస్యంగా వచ్చినవాళ్లు కూడా గోడకి ఆనుకుని నిలబడేవారు. నేనూ కూర్చోలేదు. పాటల గుంపులో ఉన్నాను కదా అని నాకు నేనే సాకు చెప్పుకున్నాను. బుధవారం సాయంత్రాలు కూర గిన్నె పట్టుకుని ఆయన గదికి వెళ్లేదాన్ని, అక్కడ గంటసేపు కూర్చునేదాన్ని. ఎవరూ చూడనిచోట పక్కన కూర్చోవడం సులువే.

ఆ పద్నాలుగు మందిలో ఇప్పుడు ఈ ఊళ్లో మిగిలింది నేనొక్కదాన్నే. కొందరు వైజాగ్ వైపు, చెన్నై వైపు వెళ్లిపోయారు. ఇద్దరు పోయారు. వాళ్లకి "నిద్రించారు" అనే రాశారు.

భూస్థాపనకి పద్దెనిమిది మంది వచ్చారు. సన్నగా వాన పడుతోంది. ఇప్పుడున్న పాస్టర్‌గారు కొత్తగా వచ్చినవారు, పాత గొడవ కళ్లతో చూసినవారు కాదు. అయినా ఎవరో చెవిలో వేసే ఉంటారు. మాస్టారి ఉద్యోగం గురించి చెప్పారు, పెన్షన్ గురించి చెప్పారు, మితభాషి అన్నారు. ముప్పై ఏళ్లు పిల్లలకి వాక్యం నేర్పారన్న మాట మాత్రం రాలేదు. నేను నోరు తెరవాల్సింది. గొడుగు పట్టుకుని నిలబడ్డాను.

అందరూ వెళ్లిపోతున్నప్పుడు రేవు దగ్గరి ఆవిడ కనబడింది. జుట్టు నెరిసిపోయింది. దూరంగా నిలబడినదల్లా వచ్చి గుప్పెడు తడి మట్టి తీసి సమాధి మీద వేసింది.

"మా ఆయనకి పిడికెడు మట్టి ఎయ్యనేకపోనాం దీదీ. ఈ బాబు అడిగిన మాటే మట్టనుకున్నాను" అంది. చెయ్యి కొంగుకి తుడుచుకుని, మళ్లీ అడిగింది. "మరి ఈ బాబు కోసం మీవోల్లు ఎవులూ అడగరా?"

గొడుగు ఆవిడ మీదకి కూడా జరిపి రోడ్డుదాకా వచ్చాను. మాస్టారు నమ్మింది సరైనదేనా అని మీరు నన్నడిగితే, తెలియదనే చెబుతాను, ఆయన నేర్పినట్టే. నేను ఎప్పుడూ చనిపోయినవాళ్ల కోసం ప్రార్థన చేయలేదు. మా అమ్మ కోసం కూడా చేయలేదు. కానీ తెలియనిది తెలియదని చెప్పి, అడగవలసింది అడిగిన మనిషి అబద్ధ బోధకుడు ఎలా అవుతాడో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆ ఆదివారం నేను చీటీ రాశాను. "మా సండే స్కూల్ మాస్టారిని ప్రభువు దయకు అప్పగిస్తున్నాం" అని రాసి, కింద నా పూర్తి పేరు రాసి, అందరూ చూస్తుండగా డబ్బాలో వేశాను. పాటల గుంపు వైపు వెళ్లకుండా నడుచుకుంటూ వచ్చి చివరి బెంచీలో కూర్చున్నాను.

పాస్టర్‌గారు ఒక్కొక్కటే చదివారు. ఎవరికో షిప్పు మీద ఉద్యోగం కావాలి, ఎవరికో మోకాలు నొప్పి, ఎవరి అబ్బాయికో పరీక్షలు. మధ్యలో ఒక చీటీ విప్పి, చూసి, మడిచి బైబిలు కింద పెట్టారు. నాదేనని తెలిసింది. ఇంకో నాలుగు చదివాక మళ్లీ ఒకటి అలాగే మడిచి బైబిలు కింద పెట్టారు.

ఆరాధన అయ్యాక జనమంతా వెళ్లేదాకా ఆగి ఆయన దగ్గరకి వెళ్లాను. ఆయన ఇబ్బందిగా రెండు చీటీలూ నా చేతిలో పెట్టారు.

"ఇవి చదవలేను అక్కా, నియమం మీకు తెలుసు. రెండూ మీవే కదా?"

రెండోది విప్పి చూశాను. నోటుపుస్తకంలోంచి చింపిన ముక్క, పెన్సిలు రాత, హిందీ అక్షరాలు. "మాస్టర్‌జీ కే లియే", మాస్టారి కోసం, అని ఉంది, అంతే. పేరు లేదు.

అవునని చెప్పేస్తే అక్కడితో అయిపోయేది. "ఒకటే నాది అయ్యగారూ" అన్నాను.

ఆయన ఆ కాగితం వైపు చూసి, ఖాళీ బెంచీల వైపు చూశారు.

అది ఎవరిదో నాకింకా తెలియదు. ఎప్పుడో మాస్టారు నాకిచ్చేసిన ఈనెపుల్ల పక్కన, నా బైబిల్లో దాచుకున్నాను. ఇప్పుడు ప్రతి ఆదివారం చివరి బెంచీలోనే కూర్చుంటున్నాను, ఒక్కదాన్నే. అక్కడి నుంచి ఎవరి ముఖమూ కనబడదు. అందరూ కళ్లు మూసుకుని తలలు వంచినప్పుడు నేను మాత్రం కళ్లు తెరిచి, ముసుగు వేసుకున్న తలలూ, నూనె రాసుకున్న తలలూ, నెరిసిన తలలూ ఒక్కొక్కటే చూస్తూ వెళ్తాను. వీళ్లలోనే ఎవరో ఒకరు.