మళ్ళీ వస్తానన్నందుకు

మనోరమ ఏం ఉద్యోగం చేస్తుందని మచ్చ బొల్లారం కాలనీలో ఎవరైనా అడిగితే, భర్త జనార్ధన్ "మాట్లాడుతుంది" అని నవ్వేవాడు. ఇంట్లో తనకు ఊరికే దొరికేదానికి ఊళ్ళోవాళ్ళు డబ్బిస్తున్నారని ఆయన వేళాకోళం. రెండువేల ఏడు ప్రాంతంలో, ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని ముక్కూ మొహం తెలియనివాళ్ళ దుఃఖం వినడం కూడా ఒక కొలువేనంటే నమ్మేవాళ్ళు తక్కువ. పొద్దున అత్తాకోడళ్ళ గొడవ, మధ్యాహ్నం ఉద్యోగం ఊడినవాడి దిగులు, సాయంత్రం ఇంకొకరి ఏడుపు. భీమవరం నుంచి వచ్చిన కొత్తలో నిమిషం ఊరుకోని మనిషి, ఇప్పుడు పనయ్యాక ఇంట్లో నోరు విప్పడానికే బద్ధకించేది. మొగుడి వేళాకోళానికి బదులిచ్చే ఓపిక కూడా ఉండేది కాదు.

శామీర్‌పేట సుక్కమ్మ అలాంటి అలసటలోనే తగిలింది. ఆమె కొడుకు ధర్మేందర్ గండిమైసమ్మ చౌరస్తాలో లారీ కింద పడి చనిపోయాడు. అప్పటినుంచి ఆమెకు తిండి లేదు, మాట లేదు. మొగుడు ఏనాడో పోయాడు. మిగిలింది కూతురు శృతి ఒక్కతే. దూలపల్లి కంపెనీలో ప్యాకింగ్ పని చేసే ఆ పిల్లే, ఎవరో చెప్తే విని, తల్లిని మేడ్చల్ నెట్ సెంటర్‌కు తెచ్చి కెమెరా ముందు కూర్చోబెట్టింది.

సుక్కమ్మ చాలాసేపు తెరకేసి చూస్తూ ఊరుకుంది. మనోరమ తొందరపెట్టలేదు. "ఆ పొద్దున బాబు ఏం తిని వెళ్ళాడమ్మా?" అని మాత్రం అడిగింది.

"ఏం తినలే. రాత్రి కూరనే ఉందంటే అలిగి పోయిండు," అంది సుక్కమ్మ. ఇక ఆ నోరు ఆగలేదు. పక్కన శృతి కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

మనోరమకు మనసు తేలికపడింది. తల మాత్రం పగిలిపోతోంది, అవతల ఇంకొకరు కాచుకుని ఉన్నారు. అందరికీ చెప్పినట్టే చెప్పేసింది. "వెళ్ళొస్తానమ్మా. బుధవారం మళ్ళీ వస్తాను."

సుక్కమ్మ మొహం బిగుసుకుపోయింది. కూతురి చెయ్యి పట్టుకుని లేచింది. తెరమీద ఖాళీ కుర్చీ మిగిలింది.

చావు ఇంటికి పరామర్శకు వెళ్ళినవాళ్ళు వెళ్ళొస్తామనరు. లేచి చెప్పకుండా నడుస్తారు. మళ్ళీ వస్తానంటే, ఆ ఇంట్లో మరో చావుకు వస్తాననే అర్థం. ఇది తెలియని తెలుగు మనిషి ఉంటాడా? మనోరమకు చిన్నప్పటినుంచీ తెలుసు. తెలిసీ అంది, రోజూ వల్లించిన నోరు కదా. తన మీద తనకే అసహ్యం వేసింది.

బుధవారం ఎవరూ రాలేదు. శృతి ఫోన్ మాత్రం వచ్చింది.

"మేడం, అమ్మ నన్ను గడప దాటనిస్తలేదు. డ్యూటీకి పోక వారమైతాంది. ఇగ తీసేస్తమంటుండ్రు."

మాట్లాడినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళకూడదని పని ఇచ్చిన సంస్థ నియమం. నియమం తగలెయ్య అనుకుని మర్నాడు పొద్దున్నే బస్సెక్కింది.

గుమ్మంలోనే సుక్కమ్మ ఎదురైంది. "అన్నట్టే వచ్చినవా?" అంది.

"తప్పు నాదేనమ్మా. నోటికి అలవాటై..."

"అలవాటా? నా కొడుకు సచ్చిన ఇంట్ల గూడ అలవాటేనా?"

ఎందరి ఏడుపో విన్న మనోరమ అక్కడే అరుగుమీద కూలబడి ఏడ్చింది. సుక్కమ్మ లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"నీకెవరు సచ్చిండ్రమ్మా?"

"ఎవరూ లేరు. అలిసిపోయాను."

సుక్కమ్మ పక్కన కూర్చుంది. ఆమె కోపం తగ్గలేదు గానీ మొహంలో బిగువు సడలింది.

"పిల్లని పంపమ్మా," అంది మనోరమ. "ఇంట్లో కట్టేసుకుంటే అదెట్లా బతుకుతుంది?"

సుక్కమ్మ చెంబు అందుకుని లేచింది. గడప దగ్గర ఆగి లోపలికి చూసి, "శృతీ, బస్సొస్తది. జల్దీ తయారై రా," అంది.

ముగ్గురూ రోడ్డుదాకా నడిచారు. బస్సు శృతిని ఎక్కించుకుని మలుపు తిరిగింది. సుక్కమ్మ మనోరమ చెయ్యి పట్టుకుంది.

"అది మర్లి వచ్చేదాక ఉంటవా?"

ఇంట్లో కంప్యూటర్ తెరమీద తనకోసం ఎవరెవరు కాచుకుంటారో మనోరమకు తెలుసు.

"ఉంటానమ్మా," అంది.