బియోర్న్ అంటే ఎలుగుబంటి

స్లౌ నుంచి లండన్ వెళ్ళే రైల్లో మా ఎదుట ఒక తెల్ల పెద్దావిడ కూర్చుంది. ఒళ్ళో ఒత్తైన జుట్టున్న పసివాడు. ఇక్కడ తెలుగు ఎవరికి తెలుస్తుందన్న ధీమాతో మా ఆవిడ గట్టిగానే అంది: "యేం జుట్టు సామీ, అచ్చం ఎలుగ్గొడ్డు పిల్లే!"

ఏమందని పెద్దావిడ నన్ను అడిగింది.

"బాబు పేరు అడుగుతోంది," అని బొంకాను.

"బియోర్న్. మా స్వీడన్‌లో ఎలుగుబంటి అని అర్థం. ఆ బలం రావాలని పూర్వం నుంచీ పెడుతున్నారు."

మా ఆవిడ చున్నీ నోట్లో కుక్కుకుంది. ఇక దాచలేక నిజం చెప్పేశాను.

"సరిగ్గానే పోల్చింది!" అంటూ పెద్దావిడ మనవణ్ణి మా ఆవిడ ఒళ్ళో పెట్టింది. "మా ఆయనదీ ఇదే పేరు. నిద్రలేపితే తెలుస్తుంది."

ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. ఇంగ్లండు వచ్చాక మా ఆవిడ అలా నవ్వడం అదే మొదలు. మేము దిగాల్సిన స్టేషన్ దాటిపోతున్నా నేను నోరు మెదపలేదు.